పదహారో ఎపిసోడ్ గండం

2021 అక్టోబరు. కొత్త సీజన్‌కు ముందు ఆడే సన్నాహక మ్యాచ్ ఒకటి ముగించుకుని లాస్ ఏంజెలెస్ లేకర్స్ ఆటగాళ్లు లెబ్రాన్ జేమ్స్, ఆంథొనీ డేవిస్ విలేఖరుల ముందుకొచ్చి కూర్చున్నారు. ప్రశ్నలింకా మొదలుకాలేదు గానీ మైకులు మాత్రం పనిచేస్తున్నాయి. లెబ్రాన్ పక్కకు తిరిగి డేవిస్‌తో అన్న మాటలు ఊరంతా విన్నది. అవి బాస్కెట్‌బాల్ గురించి కావు, 'స్క్విడ్ గేమ్' గురించి. చూడటం పూర్తయిందట, ముగింపే నచ్చలేదట. ఆ హీరో బుద్ధిగా విమానమెక్కి కూతుర్ని చూడటానికి పోవాల్సిందని ఆయన గోడు. ఆ కూతురు ఉండేదీ లాస్ ఏంజెలెస్‌లోనే మరి!

దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యోక్ కూడా ఊరుకోలేదు. 'గార్డియన్' పత్రిక ఈ సంగతి కదిపితే, లెబ్రాన్ నటించిన 'స్పేస్ జామ్' రెండో సినిమా మీరు చూశారా అని విలేఖరినే ఎదురు ప్రశ్న వేశారు. తర్వాత కాస్త మెత్తబడి, ముగింపు మార్చేది లేదని తేల్చేశారు. కావాలంటే లెబ్రానే తనకు నచ్చిన కొనసాగింపు తీసుకోవచ్చు, అది చూసి 'చివర తప్ప అంతా బాగుంది' అని తాను కబురు పెడతానన్నారు.

విడుదలైన 28 రోజుల్లో జనం 165 కోట్ల గంటలు చూసిన సిరీస్ అది. ఏడాది తిరక్కుండానే ఎమ్మీల్లో ఉత్తమ నటుడు, ఉత్తమ దర్శకుడు పురస్కారాలు తెచ్చుకుంది. అంత పేరొచ్చినా, అమెరికాలో పేరుమోసిన ఆటగాడి నాలుక మీద మిగిలింది చివరి పది నిమిషాల చేదు. కొరియన్ డ్రామా చూసే ప్రతి ఇంట్లో ఈ పంచాయితీ ఏదో ఒక రాత్రి జరిగే ఉంటుంది. పదిహేను ఎపిసోడ్లు నెత్తిన పెట్టుకున్న కథ పదహారో ఎపిసోడ్‌లో ఎందుకు తేలిపోతుంది? హీరో చచ్చిపోయినా కొన్ని కథలు కడుపు నింపుతాయి, పెళ్లి చేసి పంపినా కొన్ని ఉసూరుమనిపిస్తాయి, ఎందుకని?

అసలు చివరి ఎపిసోడ్‌కు ఇంత బరువెందుకో ముందు చూడాలి. వారానికి రెండు చొప్పున ఎనిమిది వారాలు, మొత్తం పదహారు గంటలకు పైగా నడిచే కథ. కొరియాలో యాభై ఎపిసోడ్ల వారాంతపు సీరియళ్లూ, వందలు దాటే రోజువారీవీ ఉన్నాయి గానీ, బయటి ప్రపంచానికి తెలిసిన కొరియన్ డ్రామా అంటే చాలావరకు ఈ పదహారే. ఏ రోజు రాత్రి ముగుస్తుందో మొదటి రోజే లెక్కగట్టి చెప్పేయొచ్చు. అమెరికన్ టీవీ దారి వేరు. అక్కడ రేటింగు ఉన్నన్నాళ్లు సీజన్లు, లేకపోతే మధ్యలో రద్దు. మన తెలుగు టీవీ సంగతి చెప్పనక్కర్లేదు. 'కార్తీక దీపం' 2017లో మొదలై పదిహేను వందల ఎపిసోడ్లు దాటి 2023 జనవరిలో ముగిసింది, మరుసటి ఏడాదే రెండో భాగమంటూ మళ్లీ వెలిగింది. అలాంటి సీరియల్ చూసేవాళ్లు ముగింపు కోసం చూడరు, రోజూ సాయంత్రం ఆ మనుషులు ఇంట్లోకి రావడం కోసం చూస్తారు. కొరియన్ డ్రామా మాత్రం ముగింపు అనే హామీ చేతిలో పెట్టి మరీ కూర్చోబెడుతుంది.

అమెరికాకు కొరియన్ డ్రామాల అలవాటు ఒక్క రోజులో రాలేదు. మొదట లాస్ ఏంజెలెస్ కొరియాటౌన్ దుకాణాల్లో అద్దెకిచ్చే వీడియో క్యాసెట్లు, కొరియన్ భాషా చానళ్లు. 2007లో విద్యార్థుల ఆలోచనగా పుట్టిన వికీ అనే వెబ్‌సైటులో స్వచ్ఛందంగా సబ్‌టైటిళ్లు రాసేవాళ్లు జమకూడారు, 2013లో జపాను సంస్థ రకుటెన్ దాన్ని 20 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. 2009లో న్యూయార్కులో మొదలైన డ్రామాఫీవర్ చేతులు మారి మారి వార్నర్ బ్రదర్స్ దగ్గరికి చేరి, 2018 అక్టోబరు 16న ఉన్నపళంగా మూతపడింది. పన్నెండో ఎపిసోడ్‌లో ఉన్నవాళ్ల కథ పన్నెండులోనే ఆగిపోయింది! ఆ రోజు అమెరికాలో చాలామందికి అసంతృప్తికరమైన ముగింపు కంటే అసలు ముగింపే లేకపోవడం ఎంత ఘోరమో తెలిసొచ్చింది.

మనసు ముగింపును ఎలా తూకం వేస్తుందన్న దానిపై అమెరికా విశ్వవిద్యాలయాల్లో దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. అలబామాలో చాలాకాలం పనిచేసిన డాల్ఫ్ జిల్‌మన్ సిద్ధాంతం సూటిగా ఉంటుంది. చూసేవాడు పాత్రలను మంచీచెడుల ప్రకారం ఇష్టపడతాడు, ద్వేషిస్తాడు. ఇష్టమైనవాళ్లకు మేలు, కానివాళ్లకు కీడు జరిగితే ఆనందిస్తాడు. నేల టికెట్టు ప్రేక్షకుడికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. మరి ఏడిపించే కథలను జనం ఎందుకు వెతుక్కుని చూస్తారు? పెన్సిల్వేనియా స్టేట్‌లోని మేరీ బెత్ ఆలివర్ దీని మీదే పనిచేశారు. జనం వినోదం కోసమే కాక, బతుకు గురించి ఏదో అర్థం చేసుకోవడానికి కూడా కథ దగ్గరికి వస్తారనీ, ఆ కోరిక తీరితే కన్నీళ్లతోనే తృప్తిగా లేస్తారనీ ఆమె వాదన.

ఇంకో పరిశోధన మరీ చిత్రం. 1993లో డేనియల్ కానమన్ బృందం కొందరి చేత చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టించింది. ఒకసారి ఒక నిమిషం. ఇంకోసారి అదే నిమిషానికి అదనంగా అర నిమిషం, కాకపోతే ఆ చివరి అర నిమిషంలో నీళ్లు రవ్వంత వెచ్చబడతాయి. మళ్లీ ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది ఎక్కువసేపటిదాన్నే ఎంచుకున్నారు. బాధ ఎంతసేపన్నది జ్ఞాపకం లెక్కలోకి తీసుకోదు, తారస్థాయినీ చివరనూ పట్టుకుని తీర్పు చెప్పేస్తుంది. పదిహేను గంటల పని ఒక్క గంటలో బూడిదలో పోసిన పన్నీరు ఎలా అవుతుందో దీన్ని బట్టి ఊహించవచ్చు. అయితే ముగింపు ఏమిటో ముందే తెలిస్తే మజా పోతుందన్న నమ్మకాన్ని 2011లో శాన్ డియేగోలో లెవిట్, క్రిస్టెన్‌ఫెల్డ్ పరీక్షిస్తే, ముగింపు ముందే చెప్పిన కథలనే పాఠకులు ఎక్కువ మెచ్చుకున్నట్టు తేలింది. అంటే తృప్తి ఆశ్చర్యంలో లేదు. ఏం జరిగిందన్నదాని కన్నా, అక్కడికి ఎలా చేరారన్నదే తృప్తిని తేలుస్తున్నట్టుంది.

ఈ మాట ఎంత నిజమో ఒకే రచయిత్రి కథల్లో చూడొచ్చు. కిమ్ ఉన్-సుక్ 2004లో రాసిన 'లవర్స్ ఇన్ పారిస్' కొరియాలో 50 శాతం దాటిన రేటింగుతో నడిచింది. పేదింటి అమ్మాయి, కారు కంపెనీ వారసుడు, మామూలు మసాలాయే. చివరి ఎపిసోడ్‌లో మాత్రం, జనం ఇన్నాళ్లూ చూసిందంతా ఆ అమ్మాయి రాసుకుంటున్న కథ అని తేల్చారు. దేశమంతా గగ్గోలు. జంట విడిపోలేదు, ఎవరూ చావలేదు, అయినా కోపం చల్లారలేదు. అది తప్పేనని రచయిత్రి తర్వాత బహిరంగంగానే ఒప్పుకున్నారు.

అదే చేత్తో ఆమె 2018లో 'మిస్టర్ సన్‌షైన్' రాశారు. జోసన్ రాజ్యంలో బానిసల బిడ్డగా పుట్టిన యూజీన్ చోయ్ అమెరికాకు పారిపోయి, అక్కడి మెరైన్ దళంలో అధికారై, తనను తరిమిన నేలకే తిరిగొస్తాడు. అక్కడ గొప్పింటి పిల్ల ఏ-షిన్ పగలు ఘోషాలో, రాత్రి చేతిలో తుపాకీతో తిరుగుతుంటుంది. 1910లో కొరియాను జపాను మింగేసిందని చూసేవాళ్లందరికీ తెలుసు. కాబట్టి ఇరవై నాలుగో ఎపిసోడ్‌లో పెళ్లి సన్నాయి మోగదనీ తెలుసు. రైలు సన్నివేశం చూడండి. బండి నిండా మామూలు ప్రయాణికులు, వెనక జపాను సైనికులు. యూజీన్ వెనక పెట్టె వైపు నడుస్తాడు. రెండు పెట్టెలను కలిపే లంకె మీద తుపాకీ పేలుస్తాడు. ముందు పెట్టెలు ఏ-షిన్‌తో సహా దూరంగా జరిగిపోతుంటాయి, తను సైనికుల మధ్య మిగిలిపోతాడు. బానిస పిల్లవాడిగా ఒకప్పుడు ప్రాణం దక్కించుకోవడానికి పరుగెత్తినవాడు, ఈసారి పరుగెత్తకుండా నిలబడ్డాడు. నిప్పుపువ్వులా ఒక్కసారి భగ్గుమని వెలగాలనుకున్న ఏ-షిన్ ఆ తర్వాత మంచూరియాలో కొత్తవాళ్లకు తుపాకీ నేర్పుతుంటుంది. ఈ కథలో హీరో చనిపోయాడని ఏడ్చినవాళ్లు కోకొల్లలు, మోసం చేశారని తిట్టినవాళ్లు అరుదు.

రెండిటికీ తేడా సుఖాంతం, దుఃఖాంతం అన్నది కాదు. మొదటిదాంట్లో ప్రేక్షకుడు పెట్టిన ప్రాణాన్ని 'అదంతా ఉత్తుత్తిదే' అని తుడిచేశారు. రెండోదాంట్లో మొదటి వారాల్లో ఇచ్చిన మాటను ప్రాణంతో సహా చెల్లించారు. ప్రేక్షకుడు చావును క్షమిస్తాడు, తుడిచివేతను క్షమించడు.

'లవర్స్ ఇన్ పారిస్' వచ్చిన పద్దెనిమిదేళ్లకు ఇదే గోతిలో పడ్డ కథ 'రీబార్న్ రిచ్'. ఒక పెద్ద వ్యాపార కుటుంబానికి ఏళ్ల తరబడి ఊడిగం చేసినవాడు ఆ ఇంటి కుట్రకే బలై, గతంలోకి పోయి ఆ ఇంటి ఆఖరి మనవడిగా కళ్లు తెరుస్తాడు. జరగబోయేదంతా తెలిసిన పిల్లవాడు తాతతో ఎత్తుకు పైఎత్తు వేస్తుంటే జనం ఊగిపోయారు. 2022 క్రిస్మస్ రోజున వచ్చిన చివరి ఎపిసోడ్‌కు 26.9 శాతం రేటింగు. మూలమైన వెబ్ నవలలో ఆ మనవడే సామ్రాజ్యాన్ని గెలుచుకుంటాడు. టీవీలో అతన్ని చంపేసి, పాత ఉద్యోగిని మళ్లీ నిద్రలేపి, ఇదంతా పునర్జన్మ కాదు పశ్చాత్తాపమని చెప్పించారు. నీతి మంచిదే కావచ్చు. పగ తీర్చుకునే కథ అని టికెట్టు కోయించి ప్రవచనం వినిపిస్తే ఎవరైనా లేచిపోతారు.

తుడిచేసేవాళ్లు కొందరైతే దాచేసేవాళ్లు ఇంకొందరు. 2012లో హాంగ్ సోదరీమణులు రాసిన 'బిగ్' ఇందుకు పేరుబడ్డది. కుర్రవాడి ఆత్మ డాక్టరు శరీరంలో చేరుతుంది, టీచరమ్మ ఆ ఆత్మను ప్రేమిస్తుంది. సొంత శరీరంతో కుర్రవాడు తిరిగొచ్చే క్షణం కోసమే కథంతా పరుగెత్తింది. తీరా అతను వచ్చినప్పుడు గొడుగు అడ్డం పెట్టి ముఖం చూపకుండా సరిపెట్టారు. డాక్టరు పాత్ర వేసిన గాంగ్ యూ మీదే చివరిదాకా ఆధారపడటం తప్ప ఆ గొడుగుకు వేరే కారణం కనిపించదు. 2019 జనవరిలో ముగిసిన 'మెమొరీస్ ఆఫ్ ది ఆల్హాంబ్రా' కూడా అంతే. హ్యున్ బిన్ పాత్ర ఆటలోపల ఎక్కడో బతికే ఉందని ఒక నీడను చూపి తెర దించేశారు. ఇలాంటివాటిని ఓపెన్ ఎండింగ్ అని సమర్థించేవాళ్లున్నారు. సమాధానం తెలిసీ చెప్పకుండా వదిలేయడం వేరు, సమాధానం దొరక్క చేతులెత్తేయడం వేరు. చూసేవాడికి ఆ తేడా ఇట్టే పట్టుబడుతుంది.

చుట్టేయడం మూడో జబ్బు. ర్యాంకుల కోసం పిల్లల్ని పిండే తల్లిదండ్రుల మీద వచ్చిన 'స్కై క్యాజిల్' పంతొమ్మిది ఎపిసోడ్లు కత్తిలా నడిచింది. ఇంటర్ ర్యాంకుల వేట తెలిసిన తెలుగువాళ్లకు అది పక్క వీధి కథలాగే ఉంటుంది. 2019 ఫిబ్రవరి 1న వచ్చిన ఇరవయ్యో ఎపిసోడ్‌లో రాత్రికి రాత్రి అందరికీ బుద్ధొచ్చింది, కుటుంబాలన్నీ నవ్వుతూ కలిసిపోయాయి. ఎవరికీ ఏ కష్టమూ మిగల్లేదు, జనానికి తృప్తీ మిగల్లేదు. పాయసం వడ్డించి, పెరుగన్నం రాకముందే విస్తరి ఎత్తేసినట్టయింది.

'హై కిక్ త్రూ ద రూఫ్' దీనికి పూర్తిగా తలకిందులు. 126 ఎపిసోడ్లు నవ్వించిన సిట్‌కామ్ 2010 మార్చిలో ముగుస్తూ, వానలో విమానాశ్రయానికి వెళ్తున్న కారులో ఇద్దరిని చంపేసింది. ఆ ఇద్దరిలో ఒకరైన పనిపిల్ల కాలం ఆగిపోతే బావుణ్నని అనగానే తెర నలుపు తెలుపులోకి మారి బిగుసుకుపోతుంది. ఆ షాట్ గొప్పదే. కానీ నవ్వుల ఒప్పందం మీద వచ్చినవాళ్ల మీద పడిన దెబ్బ అది. కొరియాలో ఇప్పటికీ ఆ ముగింపు ఎత్తితే వాదన లేస్తుంది.

అమెరికా నుంచి ఈ డ్రామాలు చూసేవాళ్లకు ఇంకో తమాషా కనిపిస్తుంది. కొరియన్ కథల చివరి ఎపిసోడ్లలో అమెరికా ఒక గిడ్డంగి. కథకు అడ్డమొచ్చిన మనిషిని అక్కడ పడేసి, 'ఏడాది తర్వాత' అని కార్డు వేసి, వెనక్కి తెచ్చుకోవచ్చు. 2002 నాటి 'వింటర్ సొనాటా'లో హీరో ఆపరేషను కోసం అమెరికా పోతాడు. 2005లో 'మై లవ్లీ సామ్ సూన్' హీరో పాత ప్రేయసిని దిగబెట్టడానికి వెళ్లి కబురు లేకుండా పోతాడు. 2009లో 'బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్' సంపన్నుడు నాలుగేళ్లు అక్కడ వ్యాపారం చూసుకుని సముద్రపు ఒడ్డుకు దిగుతాడు. 2020లో 'స్టార్టప్' కుర్రాళ్లు మూడేళ్లు సిలికాన్ వ్యాలీలో పనిచేసి వస్తారు. అక్కడ వాళ్లేం తిన్నారో, ఏ అపార్టుమెంటులో ఉన్నారో, వీసా ఎలా దొరికిందో ఎవరికీ పట్టదు. డాలస్‌లోనో ఎడిసన్‌లోనో కూర్చుని చూసే తెలుగు ఇంజినీరుకు ఇది కాస్త నవ్వు తెప్పిస్తుంది. తన బతుకంతా ఆ కార్డు దాచేసిన ఏడాదిలోనే ఉంది మరి.

ఈ గిడ్డంగిలోకి దీపం తీసుకుని వెళ్లింది 'ట్వంటీ-ఫైవ్ ట్వంటీ-వన్'. 2022 ఏప్రిల్ 3న ముగిసింది, దాని మీద గొడవ మాత్రం ఇంకా ముగియలేదు. కొరియా ఆర్థిక సంక్షోభంలో ఇల్లు కుప్పకూలిన కుర్రవాడు బేక్ యీ-జిన్, కత్తియుద్ధం ఆడే బడిపిల్ల నా హీ-డో. అతను విలేఖరవుతాడు. 2001 సెప్టెంబరు 11 దాడుల వార్తలు పంపడానికి న్యూయార్కు వెళ్లి, శవాల మధ్య, ఏడుపుల మధ్య మునిగిపోతాడు. ఫోన్లు తగ్గుతాయి, చెప్పుకోవాల్సినవి కుప్పపడతాయి. విడిపోవడం పాత సొరంగం దగ్గర జరుగుతుంది, నోటికొచ్చిన మాటలతో. ఆ తర్వాత బస్టాపులో అతను వంగి ఆమె బూటు లేసు కడతాడు. అంతే, ఆ ప్రేమకు అదే ఆఖరు. కొన్నేళ్లకు టీవీ యాంకరుగా అదే అమ్మాయిని ఇంటర్వ్యూ చేస్తూ పెళ్లి శుభాకాంక్షలు చెబుతాడు.

జనం మండిపడ్డారు. నిజానికి రచయిత్రి ఏమీ దాచలేదు. డైరీ చదువుతున్న కూతురి ఇంటిపేరు కిమ్ అని మొదటి వారమే చెప్పింది, బేక్ కాదని లెక్క తేలినట్టే. అయినా ప్రేక్షకులు ఆశ వదల్లేదు, ఎందుకంటే పదహారు గంటల్లో పద్నాలుగు గంటలు ఆ కథ ఎండాకాలపు మెరుపుతో వెలిగిపోయింది. ముగింపు ముందే చెప్పింది గానీ, అక్కడికి నడిపించే దారిని చివరి రెండు ఎపిసోడ్లలో ఇరికించింది. తప్పు ఎడబాటుది కాదు, దానికి కేటాయించిన నిడివిది. ఇది ఈ వ్యాసం అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు చాలామందే ఉంటారు. కొరియాలో ఆ ఆదివారం చివరి ఎపిసోడ్ మొదలయ్యేసరికి టెక్సాస్‌లో ఉదయం ఏడు దాటి పది నిమిషాలు. కాఫీ కప్పుతో కూర్చున్నవాళ్లకు రోజంతా పాడైన ఆదివారం అది.

దీని పక్కన 'క్రాష్ ల్యాండింగ్ ఆన్ యూ'ను పెట్టి చూడాలి. ఉత్తర కొరియా సైనికాధికారి, దక్షిణ కొరియా వ్యాపారవేత్త. సరిహద్దు తెరుచుకుంటే అబద్ధం, విడిపోతే జనం ఊరుకోరు. 2020 ఫిబ్రవరిలో వచ్చిన ముగింపు మూడో దారి పట్టింది. ఆమె స్విట్జర్లాండులో సంగీత విద్యార్థులకు సాయమందించే సంస్థ పెడుతుంది, అతను పియానో వాయించేవాడిగా అక్కడికి వస్తాడు, ఏడాదికి రెండు వారాలు ఇద్దరూ కలిసి ఉంటారు. ఆ దేశం ఊడిపడలేదు. అపరిచితులుగా వాళ్లు అక్కడే ఒకసారి ఎదురుపడ్డారని కథ ముందే పునాది వేసింది. రెండు వారాలు చాలవని సణిగినవాళ్లు ఉన్నారు. గ్రీన్‌కార్డు వరుసలో ఏళ్ల తరబడి నిలబడి, ఏడాదికో రెండేళ్లకో సెలవు పెట్టి అమ్మానాన్నల దగ్గర రెండు మూడు వారాలు గడిపొచ్చే తెలుగువాళ్లకు మాత్రం ఆ లెక్క వివరించనక్కర్లేదు. కొరియా సరిహద్దు గురించి ఏమీ తెలియకపోయినా, తిరుగు ప్రయాణం తేదీ ముందే ఖాయమైన కలయిక ఎలా ఉంటుందో వాళ్లకు తెలుసు.

మన ప్రేక్షకులను సుఖాంతాల పిచ్చివాళ్లని అనుకోవడం పొరపాటు. శుభం కార్డు పడే సినిమాలు చూస్తూనే 'దేవదాసు'ను తరతరాలుగా మోశారు, 'మరో చరిత్ర' జంట చావును నెత్తిన పెట్టుకున్నారు. చావు ఖాయమని చెప్పి, ఉన్నన్నాళ్లు బతుకుదామంటూ ముగిసిన 'గీతాంజలి' 1989లో పెద్ద హిట్టు. 'కన్యాశుల్కం' ఆఖరి మాట నాటకం చదవనివాళ్లకూ నోటికొచ్చు, అక్కడ ఓడిపోయింది గిరీశమే. ప్రాచీన నాట్యశాస్త్రం అయిదు సంధుల్లో చివరిదాన్ని నిర్వహణ అంది, అంతకుముందు చల్లిన విత్తనాలన్నీ అక్కడ ఒకచోటికి చేరాలని చెప్పింది. అందుకే కొరియన్ చివరలు కొన్ని మనకు చుట్టాల్లా అనిపిస్తాయి. 2019లో సమంతతో నందినీ రెడ్డి తీసిన 'ఓ బేబీ' కొరియన్ సినిమా 'మిస్ గ్రానీ'కి తెలుగు రూపం. చివర్లో ముసలి స్నేహితుడు కుర్రవాడై మోటారుబండి మీద దిగే కొసమెరుపును తెలుగులోనూ ఉంచారు, నాగచైతన్య వచ్చేసరికి థియేటర్లో ఈలలు.

ప్రేమ ఊసే లేకుండా కడుపు నింపిన ముగింపూ ఉంది. 2018 నాటి 'మై మిస్టర్'లో నడివయసు ఇంజినీరు, అప్పుల్లో మునిగిన ఇరవయ్యొక్కేళ్ల పిల్ల. ఇద్దరి మధ్య ఏమీ జరగదు. చివర్లో ఒక వీధిలో ఎదురుపడి చేతులు కలిపి ఎవరి దారిన వాళ్లు పోతారు. ఆ పిల్ల ఇప్పుడు నవ్వుతూ అందరిలో కలిసి నడుస్తోంది. కథ మొదటి రోజు నుంచి అడిగింది ఒకటే, ఈ పిల్ల స్థిమితపడుతుందా అని. పడింది.

చివర చెడటానికి కథకుల బుద్ధి ఒక్కటే కారణం కాదు. కొరియాలో చాలాకాలం వారం వారం రాస్తూ, తీస్తూ, అదే వారం ప్రసారం చేసేవాళ్లు. సెట్టుకు కాగితం కాగితంగా స్క్రిప్టు వచ్చేది. మొదటి నాలుగు ఎపిసోడ్లు తీరిగ్గా తీసి, చివరి నాలుగు నిద్రలేకుండా తీస్తే ఎక్కడ తేడా కొడుతుందో చెప్పనక్కర్లేదు. 2011లో 'స్పై మ్యుంగ్-వోల్' నాయిక ఆ ఒత్తిడి తట్టుకోలేక షూటింగు వదిలి లాస్ ఏంజెలెస్ విమానమెక్కేసింది. పైగా ప్రేక్షకుల స్పందన చూసి జంటలను తారుమారు చేయాలన్న ఒత్తిడి ఉండేది. ప్రకటనల బేరం సరేసరి. 'గాబ్లిన్' లాంటి కథలోనూ అమెరికన్ సబ్‌వే శాండ్‌విచ్చి తినాల్సిందే. 2016లో ముందే మొత్తం తీసేసి పెట్టుకున్న 'డిసెండెంట్స్ ఆఫ్ ది సన్' ఘనవిజయం సాధించాక, స్ట్రీమింగ్ డబ్బు వచ్చాక ఈ పద్ధతి మారుతూ వస్తోంది.

డబ్బు మారితే ముగింపూ మారుతుంది. ఒకే విత్తనం రెండు నేలల్లో ఏమవుతుందో చూడాలంటే 'గుడ్ డాక్టర్' ఉంది. ఆటిజం ఉన్న యువ సర్జన్ కథను కొరియాలో 2013లో ఇరవై ఎపిసోడ్లలో చెప్పి ముగించారు. నటుడు డేనియల్ డే కిమ్ పూనుకుని అమెరికాకు తెచ్చాక ఏబీసీ చానల్లో అదే కథ 2017 నుంచి 2024 దాకా ఏడు సీజన్లు, 126 ఎపిసోడ్లు నడిచింది. అక్కడి చివరి ఎపిసోడ్ పదేళ్లు ముందుకు దూకి, గురువు చనిపోయాక హీరో వేదికెక్కి ప్రసంగించడంతో ఆగింది. చూసినవాళ్లు ఏడ్చారు. ఆ ఏడుపు కథ ముగిసినందుకు కాదు, ఏడేళ్ల పరిచయస్తుడు వెళ్లిపోయినందుకు. 2004లో 'ఫ్రెండ్స్' ముగిసినప్పుడు అమెరికన్ విద్యార్థుల్లో కెరెన్ ఈయాల్, జోనథన్ కోహెన్ గమనించింది ఇదే. పాత్రతో బంధం ఎంత గట్టిదైతే వీడ్కోలు బాధ అంత ఎక్కువ.

కొరియన్ డ్రామా ఇప్పుడు ఈ రెండు పద్ధతుల మధ్య నలుగుతోంది. 2023 ఏప్రిల్‌లో నెట్‌ఫ్లిక్స్ నాలుగేళ్లలో కొరియన్ కథల మీద 250 కోట్ల డాలర్లు పెడతామని ప్రకటించింది. అంత పెట్టినవాళ్లు గెలిచిన కథను ఒకసారితో ఎందుకు వదులుతారు? 'స్క్విడ్ గేమ్' మూడో సీజన్ 2025 జూన్ 27న వచ్చి మూడు రోజుల్లో 6 కోట్లకు పైగా వీక్షణలు సాధించింది. హీరో గి-హున్ పసిబిడ్డను గెలిపించి తను కిందికి దూకేశాడు, చివరి వాక్యం కూడా పూర్తిచేయలేదు. మొదట్లో ఆ పాత్రను బతికించి అమెరికాలోని కూతురి దగ్గరికి చేర్చాలని అనుకున్నానని దర్శకుడే తర్వాత చెప్పారు. త్యాగం కథకు తగిందే. ఆ తర్వాతి నిమిషాలే తేడా. లాస్ ఏంజెలెస్ సందులో సూటు వేసుకున్న కేట్ బ్లాంచెట్ ఒక అమెరికన్‌తో కాగితం బిళ్లల ఆట ఆడుతూ కనిపిస్తుంది. ఆట దేశాలు దాటిందని ఒక అర్థం, కొత్త దుకాణం తెరుస్తున్నారని ఇంకో అర్థం. ఒక మనిషి ప్రాణమిచ్చి ఆపాలనుకున్నదాన్ని అదే ఎపిసోడ్‌లో మళ్లీ అమ్మకానికి పెట్టారని నొచ్చుకున్నవాళ్లను తప్పుపట్టలేం.

'కింగ్‌డమ్' పరిస్థితి ఇంతకన్నా విచిత్రం. జోసన్ కాలపు జాంబీల కథ 2020 మార్చిలో రెండో సీజన్ ముగిస్తూ, చివరి క్షణంలో నటి జున్ జీ-హ్యున్ ముఖం చూపించి ఆపేసింది. 2021 జులైలో ఆ పాత్ర పూర్వకథను విడిగా ఒక సినిమా నిడివిలో ఇచ్చారు. అసలు కథలోని యువరాజు మాత్రం ఉత్తరాన ఆ గుమ్మం ముందే నిలబడిపోయాడు. మరో జాంబీ కథ 'ఆల్ ఆఫ్ అస్ ఆర్ డెడ్' పిల్లలు 2022 జనవరిలో బడి మేడ మీద స్నేహితురాలిని మళ్లీ కలుసుకున్న చోటే ఆగిపోయారు. రెండో సీజన్ చిత్రీకరణ మొదలైందన్న ప్రకటన 2025 జులైకి గానీ రాలేదు. మొదటి సీజన్‌లో బడిపిల్లలుగా కనిపించిన నటులు అప్పటికి ఆ వయసు దాటేసి చాలా ఏళ్లయింది.